ఆడపిల్లను కోరుకున్న ఇంట్లో మగపిల్లలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆడపిల్ల కావాలనుకుని కొడుకుల్ని కన్న తల్లిదండ్రులు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. వాళ్ల కోరిక గురించి బయట మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. కాన్పు గది తలుపు తీసి "మళ్లీ బాబే" అని నర్సు చెప్పగానే వరండాలో మిఠాయి డబ్బా తెరుచుకుంటుంది. లోపల మంచం మీద తల్లి కళ్లు తుడుచుకుంటుంటే "రత్నంలాంటి కొడుకు పుడితే ఏడుస్తావేంటే పిచ్చిదానా" అని మందలిస్తారు. కట్నం ఇచ్చుకునే బాధ తప్పిందని ఇంకెవరో ఓదారుస్తారు. ఆ కన్నీళ్లు పుట్టిన బిడ్డ మీద అయిష్టంతో వచ్చినవి కావు. నెలల తరబడి మనసులో పేరు పెట్టి పిలుచుకున్న కూతురు ఇక రాదన్న బెంగ అది. చాలామందిలో బిడ్డ ముఖం చూసి నవ్వడం మొదలుపెట్టేసరికి ఆ బెంగ కరిగిపోతుంది. కొందరిలో మాత్రం బాలింతలకు వచ్చే దిగులుతో కలిసి ముదురుతుంది, వైద్యుల సాయం కావలసి వస్తుంది. తండ్రుల్లోనూ ఈ బెంగ ఉంటుంది. దాన్ని అడిగేవాళ్లు అసలే ఉండరు.

పుట్టబోయేది ఆడో మగో తేల్చేది తండ్రి బీజకణంలోని ఎక్స్ లేదా వై క్రోమోజోమ్. తల్లి తిన్న తిండికి గానీ, కడుపు ఆకారానికి గానీ, పులుపు మీదికి మనసు పోవడానికి గానీ దానితో సంబంధం లేదు. మనుషుల్లో సహజంగా ప్రతి 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు పుడతారు. ఆ లెక్కన ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో ఇంచుమించు నాలుగో వంతు ఇళ్లలో ఇద్దరూ అబ్బాయిలే ఉంటారు. ఐదారుగురు పుట్టే కాలంలో వాళ్లలో ఎవరో ఒకరు ఆడపిల్ల కావడం మామూలే కాబట్టి ఈ లోటు అంతగా తెలిసేది కాదు. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. ఒకరిద్దరితో ఆగిపోతున్న ఇళ్లలో కూతురు లేని ఇళ్లు పెరగక తప్పదు. రెండు కాన్పులూ అబ్బాయిలే అయ్యారు కనుక మూడోది అమ్మాయేనని పెద్దవాళ్లు చెప్పే భరోసాకు ఆధారం లేదు. మూడోసారి కూడా అవకాశం సగం సగమే.

ఈ కోరికను ఇంకో లెక్క పక్కన పెట్టి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి 1991లో 975 మంది ఆడపిల్లలు ఉండేవారు. 2001 నాటికి ఆ సంఖ్య 961కి, 2011 నాటికి 939కి పడిపోయింది. ఆడపిల్ల కోసం తపించే ఇళ్లు ఉన్న నేల మీదే, ఆడపిల్లను పుట్టనివ్వని ఇళ్లూ ఉన్నాయన్నమాట. అందుకే 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఆడపిల్ల కోసం తహతహలాడే దంపతులకూ మినహాయింపు ఇవ్వదు. 2003 సవరణ తర్వాత కడుపు పడకముందే లింగాన్ని ఎంచుకునే పద్ధతులు కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చాయి. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు అక్కడి ఐవీఎఫ్ కేంద్రాల్లో ఆ అడ్డు లేదు, డబ్బు ఉంటే ఎంచుకోవచ్చు. ఇక్కడి చట్టమే సరైనది. కూతురి మీద ప్రేమతో తెరిచిన తలుపులోంచి కొడుకు మీద మోజు దూరిపోతుంది, రెంటినీ వేరుచేసి చూసే స్కానింగ్ యంత్రం ఏదీ లేదు.

కూతురు కావాలనుకున్న తల్లిని ఎందుకని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకే తీరున ఉంటాయి. పట్టులంగా కుట్టించాలని, జడ వేసి పూలు పెట్టాలని, ఆషాఢంలో గోరింటాకు పెట్టాలని, అట్లతద్దికి తెల్లవారుజామున లేపి ఉయ్యాల ఊపాలని, సంక్రాంతికి పక్కన కూర్చోబెట్టుకుని ముగ్గు నేర్పాలని, వంటింట్లో కబుర్లు చెప్పుకోవాలని. ముసలితనంలో రోజూ ఫోన్ చేసి "తిన్నావా అమ్మా" అని అడిగే మనిషి ఉండాలని. తండ్రిని అడిగితే కన్యాదానం అంటాడు, గుండెల మీద పడుకునే పాప అంటాడు. ఈ జాబితాలో కన్యాదానం, ఓణీల వేడుక లాంటి ఒకటి రెండు తప్ప మిగతావన్నీ మగపిల్లాడు కూడా ఇవ్వగలిగినవే. ఇవ్వకుండా అడ్డుకుంటున్నది అలవాటు. తల్లిదండ్రుల లోటులో చాలా భాగం కొడుకు పుట్టడం వల్ల కలిగింది కాదు, కొడుకు నుంచి ఇవి అడగకూడదనుకోవడం వల్ల కలిగింది. ఈ లేఖ చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

ఆ అలవాటు సడలే సందర్భం మన ఇళ్లలోనే ఒకటి ఉంది. పుట్టువెంట్రుకలు తీయించేముందు మగపిల్లాడికి జడ వేసి ఫొటో తీయించడం తెలుగు ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ముచ్చట. జానెడు జుట్టును నూనె రాసి దువ్వి, సవరం కట్టి, మల్లెమొగ్గలు కుట్టి, చివర జడగంటలు వేలాడదీస్తారు. పక్కింటి పాప పట్టులంగా తెచ్చి కడతారు. కాటుక, బుగ్గన చుక్క, చేతికి గాజులు. స్టూడియోలో అద్దానికి ఎదురుగా నిలబెట్టి, ముందు ముఖం, వెనక జడ రెండూ పడేలా తీస్తారు. పిల్లాడు జడగంటలు చప్పుడు చేస్తున్నాయని తల అటూ ఇటూ ఊపుతూనే ఉంటాడు. ఆ ఒక్క రోజూ ఎవరూ నవ్వరు, ఎవరూ తప్పు పట్టరు. గుండు అయ్యాక మాత్రం అదే పిల్లాడు అమ్మ బొట్టుబిళ్ల తీసి నుదుట పెట్టుకుంటే "ఆడపిల్లలా ఏంట్రా అది" అన్న మాట పడుతుంది. ఏడాది పిల్లాడి మీద అంత మురిపెంగా ఒప్పుకున్నది ఐదేళ్లవాడి మీద అవమానంగా మారిపోవడానికి కారణం వెతికితే ఏదీ దొరకదు.

తెలుగువాళ్ల కళలో ఈ అడ్డు ఇంత గట్టిగా లేదు. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడవేషాలు కట్టింది మగవాళ్లే. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి ప్రవేశించే ఘట్టానికి వేదాంతం సత్యనారాయణ శర్మ పేరు మోశారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు నాటకరంగంలో సత్యభామగా, చింతామణిగా ప్రేక్షకులను కట్టిపడేశారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు మంచి వంట చేస్తే నలభీమపాకమనే అంటారు. నలుడు, భీముడు ఇద్దరూ రాజవంశాల వీరులే, ఇద్దరూ గరిటె పట్టినవాళ్లే. ఇంత సంపద ఉన్న భాషలో పిల్లాడు ముగ్గు వేస్తే వింతగా చూడడం బాధ కలిగించే విషయం.

ముగ్గు సంగతే చూడవచ్చు. ధనుర్మాసంలో కూతుళ్లు లేని ఇంటి వాకిట్లో అన్నదమ్ములిద్దరూ తల్లితో పాటు దిగితే మొదట వాళ్లను పట్టి లాగేది లెక్క. పదిహేను చుక్కలు మధ్యవరుస, ఎనిమిది వచ్చేదాకా సందుచుక్క. పెద్దవాడు వరుసలు లెక్కపెడతాడు, చిన్నవాడు వేళ్ల మధ్య పిండి జారవిడవడం రాక గుప్పెడు కుమ్మరిస్తాడు. ఒక చుక్క తప్పితే మొత్తం మెలిక తప్పుతుందని రెండో రోజుకే వాళ్లకు అర్థమవుతుంది. మూడో రోజుకు తల్లి వేసిన గీతలో తప్పు పట్టుకుంటారు. గొబ్బెమ్మ చేయడానికి ఆవుపేడ తెచ్చే పని మగపిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ముందే పరిగెత్తుతారు.

తెలంగాణలో బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు పూల కోసం గుట్టలూ చెలకలూ తిరిగేది ఎక్కువగా మగవాళ్లు, మగపిల్లలే. పూలు తేవడం దాకా వాళ్ల వంతు, పేర్చడం ఆడవాళ్ల వంతు. ఆడపిల్ల లేని ఇంట్లో తల్లి ఒక్కతే తాంబాలం ముందు కూర్చోవలసిన పని లేదు. గునుగు పూలను రంగుల్లో ముంచి ఆరబెట్టడం, కాడలు ఒకే పొడవుకు కత్తిరించడం, వరుస మీద వరుస ఒరగకుండా పేర్చడం పదేళ్ల పిల్లాడికి సరిగ్గా సరిపోయే పనులు. అలా పేర్చిన బతుకమ్మను వాడు చెరువుగట్టు దాకా ఎవరి చేతికీ ఇవ్వకుండా మోసుకొస్తాడు.

అయితే కూతురితో అనుకున్న ముచ్చట్లు కొడుకుతో తీర్చుకోవడం కథలో సగమే. మిగతా సగం, తల్లిదండ్రులు ఎన్నడూ ఊహించని ఆనందాలు కొడుకులు తమంతట తాము తెచ్చిపెట్టేవి.

రోడ్డు తవ్వే జేసీబీని చూడడానికి గంటసేపు నిలబడిన తల్లులు ఈ రాష్ట్రాల్లో వేలల్లో ఉంటారు. మూడేళ్లవాడు చెయ్యి పట్టుకుని లాగకపోతే జేసీబీకీ ప్రొక్లెయిన్‌కీ తేడా వాళ్లకు ఈ జన్మలో తెలిసేది కాదు. ఇప్పుడు బస్సు కిటికీలోంచి అది కనబడగానే, పక్కన పిల్లాడు లేకపోయినా, "అదిగో" అనబోయి ఆగుతారు. రైలింజన్లు, డైనోసార్లు, ఐపీఎల్ జట్లు, ఏ బౌలర్ యార్కర్ వేస్తాడన్న వివరాలు ఇలాగే ఇంట్లోకి వస్తాయి. కొడుకు కళ్లతో చూడడం నేర్చుకున్న తల్లికి లోకంలో కొత్త భాగం ఒకటి తెరుచుకుంటుంది.

అన్నదమ్ముల బంధం దగ్గరి నుంచి చూడవలసినది. కిటికీ పక్క సీటు కోసం, దుప్పటి కొస కోసం, పెద్ద జీడిపప్పు ఎవరి ఉప్మాలో పడిందన్నదాని కోసం వాళ్లు కొట్టుకుంటారు. నాలుగు నిమిషాల తర్వాత ఒకే దుప్పట్లో దూరి గుసగుసలాడుతుంటారు. తిట్లు కూడా వీళ్లకు మాటలే, కుస్తీ కూడా కౌగిలింతే. బయటివాడు తమ్ముణ్ని ఒక్క మాట అంటే, పొద్దున తమ్ముడి చొక్కా చింపిన అన్నే ముందుకొస్తాడు. అక్కచెల్లెళ్లు లేని మగపిల్లలకు ప్రేమ తెలియదన్న మాట వినబడుతుంటుంది. ఆ మాట అన్నవాళ్లు, జ్వరంతో పడుకున్న తమ్ముడి పక్కన తన క్రికెట్ బ్యాటు తెచ్చిపెట్టి వెళ్లిన ఏడేళ్ల అన్నను చూసి ఉండరు.

కొడుకులు కబుర్లు చెప్పరన్నది ఇంకో అపవాదు. చెప్తారు, ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరంతే. స్కూటర్ వెనక సీటు మీద, ముఖం కనబడని చోట, గాలి హోరులో చెప్తారు. రాత్రి పదకొండింటికి పెరుగన్నం కలుపుకుంటూ, గిన్నె వైపు చూస్తూ, తరగతిలో ఎవరు ఏడిపించారో చెప్తారు. ఆ వేళ నిద్ర ఆపుకుని స్టూలు లాక్కుని కూర్చున్న తల్లికి, కూతురితో పంచుకోవాలనుకున్న వంటింటి కబుర్లు మొత్తం దక్కుతాయి. టైము మాత్రం పిల్లాడు పెట్టినదే.

పద్నాలుగేళ్లు వచ్చేసరికి మూడు రోజులకని రుబ్బిన ఇడ్లీ పిండి ఒక్క రోజులో అయిపోతుంది. గొంతు మారుతుంది, ఫోన్ ఎత్తి హలో అంటే అవతలివాళ్లు తండ్రి అనుకుని మాట్లాడేస్తారు. అటక మీది డబ్బా దించడానికి స్టూలు వేసుకునే తల్లి ఇక వేసుకోదు. మీసాలు మొలుస్తున్న ఆ పొడుగాటి పిల్లాడే నానమ్మ కంట్లో చుక్కల మందు వేస్తాడు, వేసి "కళ్లు నలపకు" అని గదమాయిస్తాడు, కాళ్ల గోళ్లు కత్తిరిస్తాడు. ఇంట్లో నెలసరి గురించి దాచకుండా చెప్పి పెంచితే, తల్లి నడుం పట్టుకుని కూర్చున్న రోజున అడగకుండానే వేడినీళ్ల సంచి తెచ్చిస్తాడు. ఇంతటి సున్నితత్వం మగపిల్లల్లో అరుదైన గుణమేమీ కాదు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని అనకుండా ఉంటే చాలు, దానంతట అదే నిలుస్తుంది.

తండ్రికి దక్కేది మరొకటి ఉంది. తెలుగు ఇళ్లలో ఒక తరం తండ్రులు కొడుకుల్ని బడికి పంపారు, ఫీజులు కట్టారు, పదో ఏడు దాటాక దగ్గరికి తీసుకోలేదు. అలా పెరిగిన మనిషి, తన కొడుకు నిద్రమత్తులో వచ్చి మీద వాలిపోతే, తనకు దొరకనిదాన్ని ఇవ్వడం నేర్చుకుంటాడు. కూతురైతే ఆ తండ్రి ఎలాగూ ముద్దు చేసేవాడే. కొడుకును ముద్దు చేయడానికి మాత్రం అతను తనలోని మొహమాటం దాటాలి. దాటిన తండ్రుల ఇళ్లలో పిల్లల గొంతు వేరుగా వినిపిస్తుంది.

ఈ ఆనందాల పక్కన రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. ఆడపిల్ల కావాలనుకున్నామన్న మాట పిల్లాడి చెవిన ఏ స్వరంతో పడుతుందన్నది ముఖ్యం. "చెల్లి కావాలనుకున్నాం, నువ్వొచ్చావు, నువ్వొచ్చినందుకు సంబరపడ్డాం" అన్నది వేరు, అల్లరి చేసిన ప్రతిసారీ "ఆడపిల్లయినా బాగుండేది" అనడం వేరు. రెండోది విన్న పిల్లాడు తాను ఎవరి చోటులోనో పుట్టానని నమ్ముతాడు. రెండో జాగ్రత్త, రేపు వచ్చే కోడలి గురించి. "కోడలే కూతురవుతుందిలే" అన్న ఓదార్పు తియ్యగా ఉంటుంది గానీ, పాతికేళ్ల లోటు తీర్చే బరువు కొత్తగా ఇంట్లో అడుగుపెట్టిన అమ్మాయి నెత్తిన పెట్టడం అన్యాయం. ఆమె వేరే ఇంటి కూతురు, ఆమెకు తల్లి ఉంది.

దత్తత గురించి ఆలోచించే దంపతులూ ఉన్నారు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లలున్న దంపతులకు, బంధువుల పిల్లలు, సవతి పిల్లల విషయంలో తప్ప, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఇల్లు దొరకడం కష్టంగా ఉన్న పిల్లలను మాత్రమే ఇస్తారు. పిల్లలు లేనివాళ్లు ఎందరో ఎదురుచూస్తున్నప్పుడు ఈ నియమం సబబే. ఇక కన్యాదాన ఫలం కోరుకునేవాళ్లు అన్న కూతురినో, చెల్లెలి కూతురినో పీటల మీద కూర్చుని ధారపోయడం మన ఊళ్లలో ఉన్న ఆచారమే. కొడుకు పెళ్లిలో ఆడపడుచు వంతు పెదనాన్న కూతురో, పిన్ని కూతురో చూసుకుంటుంది.

ఈ విషయంలో శాఖలు చేయగలిగినవి ఉన్నాయి, ఖర్చు పెద్దగా లేనివి. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు బాలింతను చూడడానికి వెళ్లినప్పుడు ఆమె దిగులుకు కారణం అడగాలి. మగబిడ్డ పుట్టిన ఇంట్లో దిగులు ఉండదన్న ఊహతో ఆ ప్రశ్న వదిలేయకూడదు. స్కానింగ్ కేంద్రాల గోడల మీది హెచ్చరికలో ఆడపిల్ల కోసమైనా సరే లింగం అడగడం నేరమేనన్న వాక్యం చేర్చాలి. 2015 జనవరి 22న పానిపట్‌లో మొదలైన బేటీ బచావో, బేటీ పఢావో కార్యక్రమం కింద ఊళ్లలో జరిపే సభలకు కొడుకులు మాత్రమే ఉన్న తల్లిదండ్రులనూ పిలవాలి. ఆడపిల్ల విలువ చెప్పడానికి, ఆమెను కోరుకున్నవాళ్లకు మించిన సాక్షులు దొరకరు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు నూటికి 26 మందే. కౌమార బాలికలకు ఆరోగ్యం, పోషణ, ఇంటి నిర్వహణ నేర్పే పథకాలు ఇన్నేళ్లుగా నడుస్తున్నాయి. అదే గదిలో, అదే పాఠానికి వాళ్ల అన్నదమ్ములనూ కూర్చోబెట్టవచ్చు. 2024–25 విద్యా సంవత్సరానికి కేరళ అచ్చువేసిన కొత్త పాఠ్యపుస్తకాల్లో వంటింట్లో కూర్చుని కొబ్బరి తురుముతున్న తండ్రి బొమ్మ ఉంది. విద్యాశాఖలతో మాట్లాడి తెలుగు వాచకాల్లోనూ అలాంటి బొమ్మలు వేయించాలని, పప్పుకు తాలింపు పెట్టే నాన్న, బతుకమ్మ పేర్చే అన్న, వాకిట్లో చుక్కలు పెట్టే తమ్ముడు ఒకటో తరగతి నుంచే పిల్లల కళ్లబడేలా చూడాలని మంత్రులిద్దరికీ విన్నపం.

ఇట్లు,
కొడుకుల్ని పెంచుతున్న ఇళ్ల పక్షాన